జొన్నరొట్టెలో సముద్రపు నాచు

ఆ పచ్చ డబ్బాను ఏ దుకాణంలో చూసినా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లోపల ఉండేది సముద్రపు నాచు పొడి. ఇనుము, కాల్షియం, మెగ్నీషియం అని డబ్బా మీద బొబ్బరి గింజలంత అక్షరాలు. అయోడిన్ సంగతి మాత్రం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో!

ఆ డబ్బా మా ఇంటికి వచ్చేనాటికి అమ్మకు థైరాయిడ్ అని తేలి నెల కూడా కాలేదు. గ్రంథి అవసరానికి మించి పనిచేసే రకం. గుండె దడ, చేతుల వణుకు. కాశిబుగ్గలో చిన్నప్పటి నుంచి మగ్గాలకు నూలు కండెలు చుట్టిన చేతులవి. తెగిన పోగుకు ముడి వేయలేక ఏడ్చేది. ఆ వణుకు తగ్గాలి, నాకింకేమీ వద్దు.

మా దగ్గర గ్రంథి ఎక్కువ పనిచేసినా తక్కువ పనిచేసినా "థైరాయిడ్ ఉంది" అనేస్తారు. ఏ రకమని ఎవరూ అడగరు. ఒక ఆదివారం చర్చి అయిపోయాక, తెలిసిన అత్త ఒకామె నన్ను ఆపి, సంచిలోంచి ఆ పచ్చ డబ్బా తీసి చూపించింది.

"నాగ్గూడ థైరాయిడే బిడ్డా. గీ పొడి తిన్నంక జర పానం లేచొచ్చింది. మీ అమ్మకు పెట్టు, ఫికర్ చెయ్యకు."

ఆమెది తక్కువ పనిచేసే రకం. ఆమె చెప్పలేదు, నేనడగలేదు. డిగ్రీ చదివి ఏం వెలగబెట్టాను?

నేనూ ఒక డబ్బా కొని, నీసు వాసన కొడుతున్నా రోజూ రెండు చెంచాల పొడి జొన్నపిండిలో కలిపి రొట్టెలు చేశాను. మూడో వారానికి అమ్మ నీళ్ల గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. సుబేదారి దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ డబ్బా తిప్పి చూసి మండిపడింది.

"అయోడినే ఈమెకు పడదంటే, అయోడిన్ మూటనే తినిపిస్తరా? మంటల కిరోసిన్ పోసినట్టు! ఎవరు పెట్టిన్రు?"

"నేనే తెచ్చుకున్న మేడమ్" అంది అమ్మ, నేను నోరు తెరిచేలోపే.

బయటికొచ్చాక ఆ అత్తను, డబ్బా అమ్మినవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అయినా కడుపుమంట చల్లారలేదు. నా తప్పుకు నన్ను తిట్టుకోవడం చేతగాక, రోడ్డు మీదే అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"నీసు వాసనొస్తాంది, తిననని ఒక్క మాటన్నా చెప్పద్దానే?"

అమ్మ ఆటో కమ్మీని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఎక్కింది.

"నీ చేతి రొట్టె తినుడు గిదే మొదటిసారాయె. వద్దంటే మల్ల చెయ్యవేమోనని తిన్న బిడ్డా."