కరెంటు లేని పోలింగు రోజు

ఎన్నికల్లో ఒక అభ్యర్థిని ఒంటిచేత్తో ఓడించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నగరికి రండి. మరమగ్గాల వీధిలో ఎవరిని అడిగినా మా ఇల్లు చూపిస్తారు. చూపించేటప్పుడు కొంచెం నవ్వుతారు, అది మీరు పట్టించుకోకండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, బుద్ధి అందులో సగం. మా పెద్దనాయన వార్డు కౌన్సిలరుగా నిలబడ్డాడు. అంతకుముందు రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు పాపం. "ఈ తూరి గూడా పోతే ఇంగ నిలబడేది లేదురా" అని కండువాతో కళ్లు తుడుచుకుంటే నా గుండె కరిగిపోయింది. ఎలాగైనా ఆయన్ని గెలిపించాలనుకున్నాను.

మా వీధంతా ఆయన పక్షం, ఎగువ వీధంతా ఎదుటి పక్షం. జనం రెండు వైపులా ఇంచుమించు సమానమే. కానీ ఎగువ వీధివాళ్లు అంగళ్లు మూసుకుని మరీ వెళ్లి ఓటేస్తారు. మావాళ్లు మగ్గం ఆపరు. పోలింగు సెలవు ఊరికే గాని మగ్గానికి కాదు. పోయినసారి ఇంటింటికీ తిరిగితే ప్రతి గుమ్మంలోనూ ఒకటే జవాబు: "మా ఓటు మీకేనప్పా, ఈ చీర అయిపోతానే వస్తాం." ఆ చీర అయ్యేది, ఇంకో చీర మొదలయ్యేది, అక్కడ పోలింగు ముగిసిపోయేది.

ఈసారి నేను బాగా ఆలోచించాను. (నేనీ మాట అంటే మా ఆవిడ ఇప్పటికీ భయపడుతుంది.) మగ్గం ఎప్పుడు ఆగుతుంది? కరెంటు పోతే ఆగుతుంది. అంతే! ముందురోజు సాయంత్రం మా వీధి వాట్సాప్ గ్రూపులో నిక్షేపంలాంటి అబద్ధం ఒకటి పెట్టాను: "రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరెంటు ఉండదు." పని లేకపోతే ఏం చేస్తారు, ఓటేస్తారు. నా తెలివికి నేనే మురిసిపోయి హాయిగా నిద్రపోయాను.

పొద్దున ఎనిమిదింటికి వీధిలోకి వస్తే ఒక్క మగ్గం చప్పుడు లేదు. ఆహా అనుకున్నాను. తర్వాత చూస్తే ఇంటింటికీ తాళం. తిన్నె మీద దేసమ్మవ్వ ఒక్కతే కూర్చుని ఆకు వక్క నములుతోంది.

"అవ్వా, జనమంతా యాడ? బూతుకు పోయినారా?"

"బూతుకెందుకు పోతారప్పా! ఆరు గంటల బస్సుకే అందురూ తిరుత్తణికి పోయినారు. కరెంటు లేని దినం మళ్లీ ఎప్పుడొస్తాదో, మొక్కులన్నీ తీర్సుకోనొస్తామన్నారు."

"మరి ఓటు?"

"వస్తానే ఏస్తారంట. పిల్లా జెల్లాతో పోయినోళ్లు ఈ పొద్దుకి వస్తారా?"

నా ఓటుదేముంది, వచ్చాక వేద్దాంలే అనుకుని రెండు వ్యాన్లు మాట్లాడి, ఒకటి నేనే తోలుకుంటూ తిరుత్తణికి పరుగెత్తాను. కొండ మీద మా వీధి మొత్తం ఉంది. పక్కింటి శేఖరన్న సగం గుండుతో కూర్చుని ఉన్నాడు.

"అన్నా, ఓటెయ్యాల, లెయ్యి!"

"సగం గుండుతోనా? కార్డులో ఫోటో నాదేనని ఎవురు నమ్ముతారబ్బా?"

"పూర్తిగా గీయించుకున్నా నమ్మరు గదన్నా!"

"అట్లయితే ఎందుకు పోవాల?" అన్నాడు. కాసేపు ఆలోచించి, "అయినా కరెంటు యాడ పోయింది? ఇప్పుడే ఫోన్ జేస్తే దేసమ్మవ్వ ఫ్యాను కింద పండుకోనుండాది" అన్నాడు.

ఇక దాచలేకపోయాను. అబద్ధం ఒప్పుకుని, పెద్దనాయన కన్నీళ్ల సంగతి చెప్పి, అందరికీ దండం పెట్టాను. "పెద్దాయన కోసరం వస్తాం. నీ సంగతి రేపు సూస్తాం" అని శేఖరన్న మిగతా సగం కూడా గీయించుకుని లేచాడు.

దర్శనాలయ్యి, టిఫిన్లయ్యి, ఒక పిల్ల తప్పిపోయి దొరికి, మేం బూతు చేరేసరికి గేటు మూయడానికి ఐదు నిమిషాలుంది. అందరినీ లోపలికి తోశాను. వ్యాను దారికి అడ్డంగా ఉందంటే పక్క సందులో పెట్టి పరుగెత్తుకొచ్చాను. గేటు మూసేశారు.

"టైమైపోయిందప్పా, లోపలుండేవాళ్లకే" అన్నాడు కానిస్టేబులు.

నాకేం బాధ కలగలేదు. వీధి మొత్తం లోపల ఉంది, నా ఒక్కడిదేముంది!

లెక్కింపు రోజున ఇద్దరికీ ఓట్లు సమానంగా వచ్చాయి. చీటీ తీశారు. ఎదుటివాళ్ల పేరొచ్చింది.

పెద్దనాయన గెలిస్తే వేసుకుందామని తెచ్చుకున్న మాల చేత్తో పట్టుకుని ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్క ఓటు ఎక్కువొచ్చింటే గెల్సింటిమి గదరా! మన వీధిలో ఆ ఓటెయ్యని మగానుబావుడు ఎవుడు?"

పెద్దమ్మ ఊరుకుంటుందా? "అందురూ చేతులు సాపండి" అంది. వచ్చినవాళ్లంతా సిరా గుర్తు చూపించారు. నేను కుడిచెయ్యి చాపాను.

"ఎడంది" అంది పెద్దమ్మ.

పెద్దనాయన నా తెల్లటి వేలిని చాలాసేపు చూశాడు. కొడతాడనుకున్నాను. ఉన్నట్టుండి పెద్దగా నవ్వి, "మూడు తూర్లు ఎదుటోళ్లతో పోట్లాడితి గదరా, ఇంట్లో ఉండేవోణ్ణి సూసుకోలేదే!" అని ఆ మాల తెచ్చి నా మెడలో వేశాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ మాల సాక్షిగా ఆ రోజే ప్రమాణం చేశాను. ఇక ఏ ఎన్నికైనా సరే, పళ్లు తోముకోకముందే నా ఓటు వేసి వస్తాను. ఈ జన్మలో కరెంటు గురించి ఒక్క మాట మాట్లాడను. రెండోది పెద్ద కష్టమేమీ కాలేదు. ఇప్పుడు నిజంగానే కరెంటు పోయి, పోయిందని నేను చెప్పినా, మా వీధిలో ఎవరూ నమ్మరు. స్విచ్చి వేసి చూసుకుంటారు.