సెప్టెంబరు పదిహేడున పుట్టినవాడు

హైదరాబాదు రాజ్యం దేశంలో కలిసిన రోజున, అంటే సెప్టెంబరు పదిహేడున, నేను పుట్టాను. అటు రేడియోలో నిజాం మాట వినిపిస్తుంటే ఇటు మా అమ్మకు నొప్పులు. అదే సమయానికి రాయచూరు కోట మీదుగా విమానం ఒకటి వెళ్తుంటే మంత్రసాని నన్ను పైకెత్తి దానికి చూపించింది. నేను ఏడవలేదు, నవ్వాను.

ఇందులో విమానం నిజమే కావచ్చు. మిగతాదంతా నేను మా బట్టల దుకాణంలో గల్లా ముందు కూర్చుని ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా అల్లుకున్నది. మొదట్లో రేడియో ఒక్కటే ఉండేది. విమానం నా పెళ్ళయ్యాక చేరింది. నవ్వు మరీ ఆ తర్వాతది.

కాగితం మీద చూస్తే నేను జూన్ ఒకటిన పుట్టాను. మా తరగతిలో నలభై మందిమీ ఆ రోజే పుట్టాం. బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే మా పెద్దవాళ్ళు జొన్న కోతలప్పుడనీ, పీర్ల పండగకు నాలుగు రోజుల ముందనీ చెప్పేవాళ్ళు. పంతులుగారు అంతా ఓపిగ్గా విని, జూన్ ఒకటి అని రాసుకునేవారు. వీధి వీధంతా ఒకే రోజున పుట్టిన ఊళ్ళో నేను ఇంకో మంచి రోజు ఏరుకుంటే ఏం తప్పు? మేలైన తాను కళ్ళెదురుగా ఉండగా నాసిరకం గుడ్డ ఎవరు చింపించుకుంటారు?

చిక్కల్లా ఆ రోజుకు సొంతదారు వేరే ఉండటం. అతను ఎక్కడో లేడు. నా దుకాణం అరుగు మీదే, కుట్టుమిషను ముందు కూర్చుని ఉన్నాడు.

పోలీసు యాక్షను రోజుల్లో ఏ దిక్కు నుంచి ఏం వస్తుందో తెలియక మా కుటుంబమూ, పక్కింటి దర్జీ కుటుంబమూ కలిసి కల్లూరులోని మా మేనమామ ఇంటికి చేరాయట. రాజ్యం కలిసిపోయిన రోజునే ఆ ఇంట్లో దర్జీ భార్యకు కొడుకు పుట్టాడు. మంత్రసాని దొరక్క మా అమ్మే పురుడు పోసింది. నేను అప్పటికి బోర్లా పడుతున్నాను. ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. ఆ కొడుకే పెద్దయి నా అరుగు మీద కూర్చుని మా గిరాకీలకు బట్టలు కుట్టేవాడు. నేను విమానం ఎగరేసినప్పుడల్లా తల దించుకుని కాజాలు కుట్టుకునేవాడు తప్ప ఒక్కనాడూ అడ్డు చెప్పలేదు.

కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటులో కొత్త యూనిట్లు కడుతున్న కాలమది. ప్లాంటు మా జిల్లాలోదే అయినా కరెంటు మాత్రం మా బజారుకు చుట్టపుచూపుగా వచ్చి పోయేది. ప్లాంటు కాలనీ వాళ్ళు మాకు మంచి గిరాకీలు. ఒకరోజు కాలనీ సంఘం కార్యదర్శి పరదాల గుడ్డకని వచ్చాడు. మైసూరు వైపు మనిషి. ఆగస్టు పదిహేను అయి నెల తిరగ్గానే మీ జిల్లాలో మళ్ళీ జెండా ఎందుకని కన్నడంలో అడిగాడు. మాకు స్వాతంత్ర్యం ఏడాది ఆలస్యంగా వచ్చిందని విడమరిచి చెప్పాను. ప్లాంటులో పనిచేసే బిహారు, బెంగాలు వాళ్ళు కూడా సరిగ్గా ఆ తేదీనే విశ్వకర్మ పూజ అని క్రేన్లకు దండలు వేస్తారని ఆయన అన్నాడు. ఒకే రోజున రెండు పండగలా అని ఆయనే ఆశ్చర్యపోయాడు.

"మూడు సార్," అన్నాను. "ఆ రోజే నేను పుట్టాను."

ఆయన లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి కాలనీలో జెండా మీరే ఎగరేయాలన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. మీ అమ్మగారున్నారా అని అడిగి, జీపు పంపిస్తాను, జెండాకు ముందు ఆమె ఆ రోజు గురించి రెండు మాటలు చెప్పాలన్నాడు. అరుగు మీద మిషను చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

ఇంటికెళ్ళి అమ్మకు మెల్లగా విషయం చెప్పాను. ఆమె చింతపండు పిక్కలు తీస్తూ వింది.

"గా దినం నువ్వు పుట్టినవని ఎవరు చెప్పిండ్రురా?"

"నేనే చెప్పిన."

"మంచిగ చెప్పినవ్ తియ్. నువ్వు పుట్టినప్పుడు వాకిట్ల హోలీ రంగు ఇంక ఆరలే. గా దినానికి బోర్ల పడి నా కొంగు నములుతుంటివి."

"ఒక్క పూటనే కదమ్మా. ఎవరికి నష్టం?"

"వానికి," అంది అమ్మ. పిక్క ఒకటి గిన్నెలో పడేసి, "నేనొస్త. జీపు ఎక్కక ఎన్నేండ్లాయె. అడగకుంటె చెప్ప. అడిగితే ఉన్నదే చెప్త," అంది.

అడగడానికే పిలుస్తున్నారు మరి. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. నిజానికి ఒక పూటే మానేశాను, అదీ వంకాయ కూరని.

జెండాకు కొత్త కుర్తా కావాలి కదా. దుకాణంలో గంధం రంగు తాను ఒకటే మిగిలింది, అది తీశాను. దర్జీ కొలతలు తీసుకుంటుంటే అడిగేశాను.

"నా మీద కోపమా?"

"కోపమెందుకు? మా అమ్మ ఆ తారీఖు పేరెత్తకపోతుండె. ఆ గడబిడల భయపడి ఎటో దాక్కున్న మా అబ్బా మళ్ళ ఇంటికి వచ్చేసరికి నెల పట్టిందంట. డర్ కా దిన్, భయం దినం అంటుండె అమ్మ. మా ఇంట్ల ఊరికె పడి ఉన్న దినం, నీకు పనికొచ్చింది. వాడుకుంటున్నవ్." టేపు మెడలో వేసుకుని, "చేతులు లేపు," అన్నాడు.

నేను చేతులు లేపాను.

"ఐదు మీటర్లు పడుతది," అన్నాడు.

నాకు మూడు మీటర్లే ఎక్కువ. పుట్టినప్పటినుంచీ గుడ్డల మధ్య బతికినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? కానీ ఆ రోజు నోరెత్తే ముఖం లేదు. నా పొట్ట వైపు చూసుకుని ఐదూ చింపించాను.

పదిహేడో తేదీ పొద్దున కాలనీ మైదానంలో ఐదువేల మంది. సరే, కుర్చీలు నాలుగు వందలు, ముందు వరుసలు బడిపిల్లలే. అవతల బంతిపూల దండలు వేసుకుని క్రేను పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. బిహారు వెల్డరొకడు నా నుదుట బొట్టు పెట్టి చేతిలో లడ్డు పెట్టాడు. దాన్ని చేతిలో పట్టుకునే స్టేజీ ఎక్కాను. అమ్మ పక్కనే కూర్చుంది, జీపు ప్రయాణంతో మహా హుషారుగా ఉంది. కార్యదర్శి నా గురించి చెప్పాడు. విమానాన్ని కూడా వదల్లేదు. ఆ తర్వాత మైకు అమ్మ ముందు పెట్టి, ఆ రోజు మీ అబ్బాయి పుట్టిన వైనం చెప్పండమ్మా అన్నాడు.

అప్పుడు నేను లేచి మైకు అందుకుని, గంభీరమైన గొంతుతో నా తప్పు ఒప్పుకున్నాను. మైదానమంతా కన్నీళ్ళు పెట్టుకుంది.

చాలామందికి ఇలాగే చెప్పాను. జరిగింది వేరు. అమ్మ గొంతు సవరించుకుంది. ఎటు చూడాలో తెలియక నేను జనంలోకి చూశాను. మూడో వరుస చివర గంధం రంగు కుర్తా ఒకటి కనిపించింది. ఆ రంగు తాను బజారంతటిలో నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. బస్సులో వచ్చి, తల దువ్వుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా కుర్తాలోకి పోని రెండు మీటర్లు అతని ఒంటి మీద ఉన్నాయి. అమ్మ నోరు తెరవబోయింది.

"పుట్టింది నేను కాదు," అన్నాను మైకులోకి వంగి. "అగో, అతను."

లడ్డు ఉన్న చేత్తోనే చూపించాను. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అమ్మే మైకు తన వైపు తిప్పుకుని, "ఇప్పుడు నిజం చెప్పిండు. వానికి పురుడు పోసింది నేనే," అని, కల్లూరులో ఆ రోజు సంగతంతా మొదటినుంచీ చెప్పింది. రెండు మాటలన్నది అరగంటయింది. కార్యదర్శి కిందికి దిగి వెళ్ళి దర్జీని తీసుకొచ్చి, జెండా తాడు అతని చేతికిచ్చాడు.

అతను తాడు లాగితే పైన ముడి విడలేదు. ఇంకోసారి లాగలేదు. కుట్టు విప్పేవాడిలా దగ్గరికి వంగి, వేలికొసలతో తాడును అటొకసారీ ఇటొకసారీ కదిపాడు. జెండా విప్పుకుంది. పూలు అతని తల మీద రాలాయి, రెండు మూడు నా మీద కూడా పడ్డాయి. లేదు, నా మీద పడలేదు. నేను దూరంగా నిలబడ్డాను. అతను తల ఎత్తి చాలాసేపు పైకి చూస్తూనే ఉన్నాడు. పిల్లలు పాట అందుకున్నాక గాని దించలేదు.

తిరుగు ప్రయాణంలో అతన్ని జీపులో మా పక్కనే కూర్చోబెట్టాం. లడ్డు అప్పటికి నా చేతిలో పిండైపోయింది. ముగ్గురం పంచుకున్నాం.

"నేను చెప్పకపోతే ఏం చేస్తుంటివి?" అని అడిగాను.

"నువ్వు చెప్పకుంటె అమ్మ చెప్తుండె."

"అమ్మ కూడా చెప్పకపోతే?"

"నేనే స్టేజీ ఎక్కుతుంటి," అన్నాడు కొత్త కుర్తా మడతలు సవరించుకుంటూ. "ఐదు మీటర్లు ఊరికె కోసిననా?"

అప్పటినుంచి నేను మళ్ళీ జూన్ ఒకటికే వచ్చేశాను. మా తరగతి వాళ్ళెవరైనా ఆ రోజు దారిలో ఎదురైతే ఒకరికొకరం శుభాకాంక్షలు చెప్పుకుంటాం. విమానాన్ని మాత్రం దర్జీకే ఇచ్చేశాను. ఈమధ్య అరుగు మీద ఎవరికో చెబుతుంటే విన్నాను. అతని చేతిలో అవి రెండయ్యాయి.