బావ చెప్పిన రెండు సాక్ష్యాలు

మా అక్క భర్త పోర్టులో క్రేన్ నడిపేవాడు. గాజువాకలో కాపురం. మెట్లెక్కుతుంటే గుండె పట్టేస్తోందంటే ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. సీటీ స్కాన్‌లో గుండె రక్తనాళం ఒకటి సన్నబడిందని తేలింది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరుగారు తొందరపడలేదు. గుండె వేగంగా కొట్టుకునేలా మందిచ్చి, ఇంకో స్కాన్ తీయించి, ఆ బొమ్మ మాకు చూపించారు.

"నాళం సన్నబడినా గుండె కండకి రక్తం సరిపడా అందుతోంది. ఇప్పుడు స్టెంట్ అవసరం లేదు. మాత్రలు మాత్రం మానకూడదు," అన్నారు.

స్టెంట్ అవసరం లేదన్న మాట దగ్గరే మా బావ చెవులు మూసుకుపోయాయి. మా చర్చి సంఘంలో మేలు పొందినవాళ్లు నలుగురి ముందూ లేచి సాక్ష్యం చెప్పడం అలవాటు. ఆ ఆదివారం బావ లేచాడు. క్రేన్ మీంచి కేకేసే గొంతు కదా, మైకు అక్కర్లేకపోయింది.

"స్టెంటు అక్కర్నేదని స్కానే సెప్పింది. పెబువు నన్ను బాగు సేసీసినాడు!"

అందరికంటే గట్టిగా హల్లెలూయ అన్నది నేనే.

కొన్నాళ్లకు టీ కొట్టు దగ్గర, మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాను.

"నలుగుర్లో సాచ్చెం సెప్పీసినాను బావా. మల్లీ మాత్ర మింగితే నా మాటకి ఇలువేటి?"

"పాస్టరుగారే బీపీ మాత్ర ఏసుకుంతారు గదా బావా!" అని నవ్వాను. అతనూ నవ్వాడు. ఆ నవ్వుతో సంగతి తేలిపోయిందనుకున్నాను. మా బావ పంతం ఎలాంటిదో తెలిసి కూడా!

వానాకాలంలో ఒక మధ్యాహ్నం డ్యూటీలోనే కుప్పకూలాడు. ఈసారి డాక్టరుగారు నాళంలోకి సన్నని కెమెరా పంపి, లోపలి కొలతలు చూసుకుని స్టెంట్ వేశారు. దారి తెరుచుకుంది. కానీ గుండె కండలో కొంత భాగం అప్పటికే చచ్చిపోయిందట. పాత స్కాన్ బొమ్మ తీసి కొత్తదాని పక్కన పెట్టి చూపించారు. అందులో అదే చోట రక్తం నిండుగా ఉంది.

ఇక క్రేన్ ఎక్కకూడదన్నారు. ఇప్పుడు పోర్టు గేటు దగ్గర కాపలా కుర్చీలో కూర్చుంటాడు. ఎదురుగా క్రేన్లు తిరుగుతుంటే తలెత్తి చూడడు.

మొన్న ఆదివారం చర్చిలో మళ్లీ లేచాడు. ముందు బెంచీ పట్టుకుని నిలబడి, మైకు ఇమ్మన్నాడు.

"ఆయేల స్కాను బాగుందన్నారు గానీ, మాత్రలు మానీమని సెప్పనేదు. నానే మానీసినాను. మీరెవులూ మానకండి."

ఆ నాలుగు మాటలకే ఆయాసపడి కూర్చున్నాడు. హల్లెలూయ అనాలనే ఉంది నాకు. అనలేక, వెళ్లి అతని పక్కన కూర్చున్నాను.