ఈ ఏటి పాటల్లో అవ్వ పాట

ప్రతి డిసెంబరులో, ఆ ఏడు నాకు నచ్చిన పది పాటల జాబితా రాసి డిగ్రీ స్నేహితురాళ్ల గ్రూపులో పెడతాను. సినిమా పాట, గజల్, కర్ణాటక కృతి, డీజే పాట, ముక్క అర్థం కాని కొరియా పాట, ఏదైనా సరే. నాకిదొక పిచ్చి. నా మొదటి పాటను ఎవరైనా కాదంటే వారం రోజులు వాళ్లతో మాట్లాడను. ఈసారి ఇంకా పెట్టలేదు. "ఏందే, లిస్టు రాలే? ఈ యేడు చెవులు మూసుకున్నవా?" అని ఒకతె అడిగింది. తొమ్మిది రాసి ఆగిపోయానని ఆమెకు చెప్పలేదు.

దౌల్తాబాద్ దగ్గర మా ఊళ్లో వరినాట్లు పడితే పాట ఎత్తేది మా అమ్మే. అవ్వా అని పిలుస్తాను. అవ్వ ఒక వరుస పాడితే, వంగి నాటే ఆడవాళ్లందరూ అందుకునేవాళ్లు. మడి మొత్తం నాటేదాకా ఆ పాట అయిపోయేది కాదు. చిన్నప్పటి నుంచీ విన్నాను కానీ నేర్చుకోలేదు. సిద్దిపేట బస్సెక్కగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని. ఇంట్లో ఉన్న పాట ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఎండాకాలంలో అవ్వ గొంతులో గడ్డ బయటపడింది. స్వరపేటిక మొత్తం తీసేయాలని హైదరాబాదు దవాఖానలో డాక్టరు చెప్పాడు. ప్రాణం దక్కుతుంది, మాట రాదు. ఆపరేషన్‌కు వారం ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు ముందు గుర్తొచ్చింది పాటే. ఇంటికి రాగానే ఆమెను మంచం మీద కూర్చోబెట్టి ఫోన్ ముందు పెట్టాను. బొంగురు గొంతుతో రెండు వరుసలు పాడి ఆగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని అక్కడే ఆగింది.

"ఊకె కూసుంటె ఎట్లస్తది బిడ్డా? చేతిల నారుండాలె, కాళ్ల కింద బురదుండాలె. వంగితె దానంతటదే వస్తది."

"జర యాది చేసుకో అవ్వా."

"యాదికుంటె పాడనా?" అని విసుక్కుంది.

యాసంగి కోతలైపోయి మడులన్నీ ఎండి ఉన్నాయి. రోజూ అడిగాను, రోజూ ఆ రెండు వరుసలే. చివరి రోజు కసురుకున్నాను కూడా. ఆమెకు మిగిలిన మాటల్లో సగం నాకు సంజాయిషీ చెప్పడానికే అయిపోయాయి. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వానాకాలం మా పొలంలో నాట్లకు బీహారు కూలీలు వచ్చారు. వాళ్లలో ఒకడు వాళ్ల భాషలో పాట ఎత్తితే మిగతావాళ్లు అందుకున్నారు. ఎంత బాగుందో చెప్పలేను. నా జాబితాలో తొమ్మిదోది అదే. రికార్డు చేద్దామని ఒడ్డు మీద నిలబడి ఫోన్ తీశాను.

పక్కనే ఉన్న అవ్వ, ఆపరేషన్‌లో ఊపిరి కోసం మెడకు పెట్టిన రంధ్రం మీద గుడ్డ సరిచేసుకుని, కుచ్చిళ్లు ఎగదోపి మడిలోకి దిగింది. వద్దన్నా వినలేదు. నారు కట్ట విప్పి వాళ్ల పక్కన వంగింది. నాలుగు కుదుళ్లు నాటిందో లేదో, పెదవులు కదలడం మొదలైంది. మొదటి రెండు వరుసలు పోల్చుకున్నాను. తర్వాత మూడోది వచ్చింది. నాలుగోది వచ్చింది. ఇక ఆగలేదు. వెనక్కి అడుగులేస్తూ, మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా పాట మొత్తం పాడింది. వినబడింది బీహారు వాళ్ల గొంతులే.

అవ్వ ఒడ్డెక్కి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. బురద వేలితో నా ఫోన్ చూపించి, వచ్చిందా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

"వచ్చిందవ్వా, మొత్తం వచ్చింది" అన్నాను.