ఊళ్లో కప్పలన్నీ మా వసారాలోనే

ఇంటర్మీడియట్‌లో నేను జువాలజీ ప్రాక్టికల్ తప్పాను. విజయవాడ కాలేజీలో నా ముందు మైనపు ట్రేలో ఒక పెద్ద గోదురుకప్ప మత్తుగా పడి ఉంది. దాన్ని వెల్లకిలా తిప్పి, కాళ్లకు గుండుసూదులు గుచ్చి కోయాలి. నేను ముట్టుకోనే లేదు. కాసేపు దాని మొహం చూసి బయటికి వచ్చేశాను.

చల్లపల్లి దగ్గర మా ఊళ్లో మాత్రం ఈ సంగతి వేరేగా ప్రచారమైంది. మా నాన్న నేను పుట్టకముందే నన్ను డాక్టర్ని చేసేసిన మనిషి. "కాలేజీ వాళ్లు ముసలి కప్పనిచ్చారండీ, కత్తి దిగితేగా!" అని అరుగు మీద కూర్చున్న వాళ్లందరికీ చెప్పాడు. వాళ్లు కాలేజీని తిట్టిపోశారు. నేను లోపల కూర్చుని అంతా విన్నాను.

సెప్టెంబరులో మళ్లీ పరీక్ష. ఈలోగా చెయ్యి తిరగాలని నాన్న, చేలల్లో తడి ఆరకముందే పాలేరుతో వరిచేల కప్పల్ని పట్టించాడు. మట్టిరంగులో, గరుకు వీపుతో, గుప్పిట్లో ఇమిడిపోయే చిన్న కప్పలు. కుండలో బురద పోసి, వాటిని అందులో వేసి, మూతికి తడిగుడ్డ కట్టి వసారాలో పెట్టించాడు. నేను రోజూ "రేపు కోస్తా" అనేదాన్ని. ఇంట్లో ఉన్న ప్రాణి పస్తుండకూడదని మా నాన్నమ్మ వాటికి చెదపురుగులు వేసేది. నా చదువు సాగలేదు గానీ కప్పలు మాత్రం ఒళ్లు చేశాయి.

ఆ ఏడు ఆషాఢం వెళ్లిపోయినా చినుకు లేదు. కాలువకు నీళ్లు వదల్లేదు. నారుమళ్లు నెర్రెలిచ్చాయి. ఆడవాళ్లంతా కూడబలుక్కుని కప్పతల్లిని ఊరేగిద్దామన్నారు. రోకలికి వేపమండలు చుట్టి, మధ్యలో ఒక కప్పను గుడ్డలో కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ ఇల్లిల్లూ తిరగాలి. ప్రతి ఇల్లాలూ దాని మీద నీళ్లు పోసి వాన కోసం మొక్కుకోవాలి. అన్నీ సిద్ధమయ్యాక చూస్తే కప్పే లేదు. ఎండిన చేలల్లో ఎక్కడ దొరుకుతుంది? రోకలి పట్టుకుని అందరూ మా ఇంటికి వచ్చారు.

నాన్నమ్మ దర్జాగా కుండ మూతి విప్పింది. కానీ ఎప్పుడూ కప్పను కట్టే ముసలమ్మ ఆ వారం కూతురింటికి వెళ్లింది. నాట్లప్పుడు కాళ్ల మీద కప్పలు గెంతినా లెక్కచెయ్యని ఆడవాళ్లు, చేత్తో పట్టుకోమనేసరికి ఒకరి వెనక ఒకరు నక్కారు.

"మన డాక్టరమ్మ ఉందిగా!" అంది నాన్నమ్మ. "కోసే పిల్లకి కట్టడం ఓ లెక్కా?"

అందరూ నా వైపు చూశారు. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఆయన పరువు అరుగు మీద నుంచి నేరుగా వీధిలో పడుతుంది. కళ్లు మూసుకుని కుండలో చెయ్యి పెట్టాను. చల్లగా, మెత్తగా తగిలింది. నా బొటనవేలి కింద దాని గొంతు గబగబా కొట్టుకుంటోంది. పాపం అనిపించింది. భయం పోలేదు గానీ చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. గుడ్డ మరీ బిగించకుండా ముడివేశాను.

ఊరేగింపు వెంట నేనూ నడిచాను. కోడళ్లు బిందెలకు బిందెలు గుమ్మరిస్తుంటే "మెల్లగా పొయ్యండమ్మా, ఊపిరాడద్దూ!" అని అరుస్తూనే ఉన్నాను. వాన రాలేదు. రెండు రోజులకు కాలువకు నీళ్లు మాత్రం వదిలారు. కప్పతల్లి మాట ఇరిగేషన్ ఆఫీసులో కూడా చెల్లుతుందని నాన్నమ్మ తేల్చేసింది.

ఊరేగింపు రోజు సాయంత్రం, మొక్కిన కప్పను కోయడానికి వీల్లేదు, చెరువులో వదలమని నాన్నమ్మ నన్నూ నాన్ననూ పంపింది. చెరువు అడుగున కాసిని నీళ్లున్నాయి. గుడ్డ విప్పి కప్పను పట్టుకుని, దారి పొడుగునా చెప్పాలనుకున్న మాట అనేశాను.

"నాన్నా, నేనింతవరకూ ఒక్కదాన్నీ కొయ్యలేదు. కాలేజీలో ముట్టుకోను కూడా లేదు. ఇదిగో, దీన్ని నువ్వే వదులు."

ఆయన ఒక్క ఉదుటున వెనక్కి గెంతి, చేతులు వీపు వెనక దాచుకున్నాడు.

"నా దగ్గరికి తేకమ్మా, నాకవంటే పడదు" అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ వరి పండించిన మనిషి! గట్టు మీద కర్రతో తట్టుకుంటూ నడుస్తుంటే పాముల కోసమనుకునేదాన్ని. పగలబడి నవ్వాను. ఆయనా నవ్వాడు.

"నువ్వు ముట్టుకోలేదని అప్పుడే అనుకున్నాలే. నా కూతురివేగా" అన్నాడు. "ఊళ్లో వాళ్ల ముందు నిన్ను భయపడిందని అనలేక ఏదో చెప్పా. నీకు కష్టమైతే మానెయ్యమ్మా, డాక్టరు చదువు లేకపోతే ఏమైంది?"

ఆ మాటకు ఏడుపొచ్చింది. ఆయన మీద అంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

"మానను" అన్నాను. వంగి కప్పను నీళ్లలో వదిలాను. "వెళ్లిందా?" అని నాన్న దూరం నుంచే అడిగాడు.