బతికున్న కొర్రమట్ట

మా పక్కింటి పెద్దవ్వ పోయిందని మొన్న పొద్దున నా భార్య వచ్చి చెప్పింది. అప్పుడు నేను వాగు పుస్తకంలో ఆనాటి నీటిమట్టం, నీటి రంగు రాసుకుంటున్నాను. ఆ పుస్తకం నాచేత పెట్టించింది పెద్దవ్వే.

మీలో చాలామంది ఆమె దగ్గర చేపలు కొని తిన్నవారే. గంప దించగానే చేప మొప్ప ఎత్తి ముందు తాను వాసన చూసేది. తర్వాతే బేరం. "నా ముక్కు ఒప్పుకోనిది మీ నోటికెందుకు బిడ్డా?" అనేది.

పై ఊళ్లో అద్దకం కార్ఖానా పెట్టిన రెండో ఎండాకాలం. దాని నీళ్లు మా వాగులోకే దిగేవి. వానాకాలం వరదకు అవి కొట్టుకుపోయేవి. ఎండలు ముదిరితే వాగు ఆగి, పెద్ద మడుగు ఒక్కటే మిగిలి, నీళ్లు ఇంకేకొద్దీ నల్లబడేది. పెద్దవ్వ ఆ మడుగు చేప ముట్టడం మానేసింది. ముసల్దానికి చాదస్తమని ఊరు నవ్వింది. నేనూ నవ్వాను.

అప్పుడే నా భార్యకు కాన్పయింది. బాలింతకు బలమని సంతలో కొర్రమట్ట తెచ్చాను. కుండలో ఎగిరెగిరి పడుతోంది. జీవమున్న చేప మంచి చేప అని మా అందరి నమ్మకం. పులుసు ఉడుకుతుండగా పెద్దవ్వ వాకిట్లోకి వచ్చింది.

"ఏ మడుగుదిరా?"

"తెల్వది. బతికున్నదే తెచ్చిన పెద్దవ్వా."

ఆమె బండమీది పేగుల నుంచి కొవ్వు వేలితో తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. కార్ఖానా రంగు కాగు వాసన వచ్చింది.

"గా మడుగుల సన్న చేపలు, పరకలన్నీ సచ్చి తేలినయి. గిదొక్కటే ఎట్ల బతికింది, జర సోంచాయించు. మీదికొచ్చి గాలి పీలుస్తది గనుక బతికింది. నీళ్లు మంచియని కాదు. కిందికి పోయి గా బురదలదే తిన్నది."

లోపల పసిపిల్ల ఏడ్చింది. నా భార్య అప్పటికే కంచం ముందు కూర్చుంది.

"ఒక్కపూటకు ఏమైతది?" అన్నాను.

"ఏం గాదు. గదే పరేషాన్. ఏం కానట్టే ఉంటది, కొంచెం కొంచెం పేరుకుంటది. నువ్వు తిను, నీ ఇష్టం. పాలు తాగేదాన్ని అడిగినవా?"

పొయ్యిమీది కుండ నేనే దించి, పెరట్లో గుంత తవ్వి పులుసు పారబోశాను. మర్నాడు ఆమె గోదావరి దాకా నడిచి పోయి, పారే నీళ్ల పరకలు తెచ్చి నా భార్యకు తానే వండిపెట్టింది.

"బడికి పోకున్నా రాసుడు నేర్చినవు గదా. రోజూ వాగును చూసి రాయి. నా ముక్కు నాతోనే పోతది" అంది. ఆ పసిపిల్ల ఇప్పుడు బడికి పోతోంది.

ధర్మపురి దగ్గర గోదావరిలో పెద్దవ్వ అస్థికలు కలిపి, నిన్న వాగు వెంట తిరిగి వచ్చాను. మళ్లీ ఎండాకాలం. మడుగు అంచున తెల్లగా పరకలు తేలి ఉన్నాయి. గట్టు కింద ఇద్దరు వల సర్దుతున్నారు. మడుగు నడుమ ఒక కొర్రమట్ట మీదికి వచ్చి, గుటుక్కున గాలి మింగింది.

"అగో, బతికే ఉన్నది!" అన్నాడొకడు సంబరంగా.

ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే అలవాటు లేనివాణ్ణి. అయినా గట్టు దిగి వాళ్ల దగ్గరికి నడిచాను. చేప మునిగిన చోట నల్లటి నీళ్ల మీద వలయం ఇంకా విచ్చుకుంటూనే ఉంది.