ముందు నువ్వు తాగు

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. ఇలాంటి కబురు ఇదివరకు కూడా ఒకసారి వచ్చింది. ఆయన రెండోసారి ఎమ్మెల్యేకి నిలబడ్డప్పుడు, పోలింగుకు నాలుగు రోజుల ముందు, గుండెపోటు వచ్చిందనీ బతకడం కష్టమనీ ఊళ్లన్నిటా గుప్పుమంది. ఏడ్చుకుంటూ ఆసుపత్రికి పరిగెత్తినవాళ్లకి ఆయన మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటూ కనబడ్డాడు. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో రాసుకోవడానికి తలుపు దగ్గర ఒక మనిషిని కూడా పెట్టాడు. అయినా ఓడిపోయాడనుకోండి. అందుకే ఈసారి ఆయన డ్రైవరు "అక్కా, సారు పోయినాడు" అన్నప్పుడు, గుమ్మఘట్టలో మా బడి వరండాలో నిలబడి, "ఇప్పుడు ఏ ఎలక్షన్లు ఉండాయప్పా?" అని అడిగాను. అతను భోరుమని ఏడ్చాడు. అప్పుడు నమ్మాను.

మామ వార్డు మెంబరుగా మొదలై సర్పంచి అయ్యాడు, మండలాధ్యక్షుడయ్యాడు, ఒక్కసారి ఎమ్మెల్యే అయ్యాడు. తర్వాత రెండు ఓటములు, వాటి మధ్య ఒకసారి పార్టీ మార్పు. ఈ మెట్లన్నీ అనుమానమే చేతికర్రగా ఎక్కాడు, దిగాడు. తలుపుకి వీపు పెట్టి ఎక్కడా కూర్చునేవాడు కాదు. ఉరవకొండకు పోతున్నానని అందరికీ చెప్పి బయలుదేరితే, ఊరు దాటాక జీపు ఇంకో దారి పట్టేది. ఎవరింటికి పోయినా గుమ్మం బయట చెప్పులు చూసి లోపల ఎందరున్నారో పోల్చుకునేవాడు. "చప్పట్లు కొట్టేటోని చేతులు చూడొద్దు మే, కండ్లు చూడు" అని నాకు చిన్నప్పుడే చెప్పాడు. తరగతిలో పిల్లలందరూ ఒక్క గొంతుతో అర్థమైందన్నప్పుడల్లా నేను వాళ్ల కళ్లు చూస్తాను. టీచరు ట్రైనింగులో ఇంత పనికొచ్చే మాట నాకెవరూ చెప్పలేదు.

మా వైపు గడప తొక్కిన మనిషికి మొదట నీళ్లిస్తాం. వాన మొహం చాటేసిన ఏడు కూడా ఆ మర్యాద తప్పదు. మామ మాత్రం నీళ్లిచ్చినా, మజ్జిగిచ్చినా, టీ ఇచ్చినా ఒకే మాట అనేవాడు. "ముందు నువ్వు తాగప్పా." నవ్వుతూనే అనేవాడు. ఇచ్చినవాళ్లు తాగి చూపించినా ఆయన తాగేవాడు కాదు. గ్లాసు పక్కన పెట్టి, జీపులో ఉన్న స్టీలు క్యానులోంచి నీళ్లు తెప్పించుకునేవాడు. అలా చిన్నబుచ్చుకున్న ఇళ్లు మా మండలంలో చాలానే ఉన్నాయి. కానీ ఊళ్లోవాళ్ల సంగతి వేరు, మా అమ్మ సంగతి వేరు. అమ్మ ఆయనకి సొంత అక్క.

మామ మొదటిసారి సర్పంచికి నిలబడ్డప్పుడు మా నాయన ఎదుటి పక్షం వైపు ఉన్నాడు. అటు నిలబడ్డది నాయన దాయాది మరి. మామే గెలిచాడు. మర్నాడు అక్క కాళ్లకు మొక్కడానికి మా ఇంటికి వచ్చాడు. అమ్మ సంతోషంగా గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, నాయన వైపు ఒకసారి చూసి, "ముందు నువ్వు తాగక్కా" అన్నాడు. అమ్మ తాగలేదు. ఆ నీళ్లు తీసుకుపోయి దానిమ్మ చెట్టు మొదట్లో పోసింది. ఎత్తుకుని పెంచిన తమ్ముడు నేను విషం పెడతాననుకున్నాడా అని ఆ రోజు మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు అదే అడిగింది. పండక్కి అడిగింది, పెళ్లిళ్లలో అడిగింది, వంట చేస్తూ తనలో తానే అడిగింది. మామ ఆ తర్వాత కూడా వచ్చిపోతుండేవాడు కానీ మా ఇంట్లో చుక్క నీళ్లు ముట్టలేదు.

అనుమానంలో మేమూ తక్కువ తినలేదు. మామ మండలాధ్యక్షుడైనప్పుడు మంచినీళ్ల పైపు ముందు మా వీధికే వేయించాడు. మేం అమ్ముడుపోయామని ఊరనుకోవాలనే ఆ పని చేశాడని నాయన తేల్చేశాడు. ఇక ఆ జీపు సంగతి. రోజూ పొద్దున మామ జీపు మా చేను దగ్గర, బోరు పక్కన ఆగేది. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండినా మా బోరులో తియ్యటి నీళ్లుండేవి. వీధికి పైపు వచ్చాక కూడా ఇంట్లో మేం తాగేది అవే. మా వైపు పగ తీర్చుకోవడానికి కత్తి అక్కర్లేదు. పక్క పొలం కొని ఇంకా లోతుగా బోరు వేస్తే చాలు, ఎదుటివాడి శనగ చేను దానంతటదే ఎండుతుంది. మామ ఎత్తు అదేనని నాయన ఒకరోజు డ్రైవరుని పట్టుకుని నిలదీశాడు. రేడియేటరుకు నీళ్లు పట్టుకుంటున్నానని అతను నేల చూపులు చూశాడు. రోజూ నీళ్లు తాగే రేడియేటరు ఎక్కడుందని నాయన నవ్వాడు. బోరు యంత్రం బండి ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని నాయన తను పోయేదాకా కాచుకున్నాడు. అది రాలేదు. దానికీ ఏదో ఎత్తు ఉండే ఉంటుందని నేననుకున్నాను.

అమ్మా నేనూ వెళ్లేసరికి మామని వరండాలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. తల గోడ వైపు, ముఖం వాకిలి వైపు. ఎవరు సర్దారో కానీ ఆయన సంగతి తెలిసినవాళ్లే. అన్ని పార్టీల కండువాలూ వచ్చాయి. నేను అలవాటు కొద్దీ కళ్లు చూశాను. తడి ఉన్నవి కొన్నే. ఎత్తేముందు పెట్టె మూత తీసి, అయినవాళ్లు నోట్లో నీళ్లు పోయాలన్నారు. ఎవరో నీళ్ల సీసా మూత తిప్పుతుంటే డ్రైవరు అడ్డం వచ్చాడు. సారు తాగే నీళ్లు జీపులో ఉన్నాయని పోయి స్టీలు క్యాను తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

"యాడివిరా ఈ నీళ్లు?" అని అమ్మ అడిగింది.

"మీ శేనివేమ్మా. పొద్దున పట్టుకొచ్చినా. సర్పంచి అయిన కాడినుంచీ సారు వేరే నీళ్లు తాగల్యా. ఎవురికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్న్యాడు."

అమ్మ క్యాను మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది. నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే అనుమానమూ వచ్చింది. ఎంతైనా ఆయన మేనకోడల్ని. "మనం తాగే నీళ్లలో మనమే విషం కలుపుకోం కదమ్మా. ఆ లెక్క ఏసుకునింటాడు" అని చెవిలో చెప్పాను. ఇప్పటికీ నాకు ఏది నిజమో తెలియదు.

"ఏసుకునింటాడు" అంది అమ్మ.

గ్లాసు నిండా నీళ్లు వంచుకుంది. అందరూ చూస్తుండగా తల పైకెత్తి, గ్లాసు పెదవికి తగలకుండా ఒక గుక్క పోసుకుని మింగింది.

"ముందు నేనే తాగినా. ఇంగ తాగురా" అని ఆయన నోట్లో కొంచెం పోసింది. నీళ్లు పెదవి చివర కాసేపు నిలిచి చెంప మీదుగా కొత్త కండువాలోకి జారాయి. ఎత్తేవాళ్లు తొందర పెడుతున్నా అమ్మ పక్కకు రాలేదు. గ్లాసు పట్టుకుని ఆయన గొంతు వైపే చూస్తూ నిలబడింది.